మోకాలి మార్పిడికి ముందు హిమోగ్లోబిన్ పెరగట్లేదు, ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు వేసినా అంతే. ఇది వంశపారంపర్యమా?

పెద్దకొడుకు
అమ్మకి 64. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, ముందు కుడిది మార్చాలన్నారు. తేదీ కూడా ఇచ్చారు. తీరా ప్రీ-ఆప్ పరీక్షల్లో హిమోగ్లోబిన్ 8.9 వచ్చిందని మత్తు డాక్టర్ ఆపేశారు. "ముందు రక్తం సంగతి తేల్చుకుని రండి" అన్నారు. ఆస్పత్రికి బ్యాగు సర్దుకుని కూర్చున్న మనిషి, అప్పట్నుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదు.

అమ్మకి ఈ రక్తహీనత కొత్తేం కాదు. పెళ్ళి కాకముందు నుంచీ ఉందట. ఎవరికి చూపించినా ఐరన్ మాత్రలే రాశారు. నెలసరి వల్ల అన్నారు, కాన్పుల వల్ల అన్నారు, సరిగ్గా తినట్లేదన్నారు. నెలసరి ఆగి పదేళ్ళు దాటింది, ఇప్పటికీ 9 దగ్గరే ఆగిపోయింది. మా మేనమామకీ చిన్నప్పట్నుంచీ ఇంతే. ఇప్పుడు ఒక డాక్టరు గారు ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపే పరీక్ష) 74 ఉంది, నార్మలే, ఐరన్ లోపం లేదంటున్నారు. ఇంకొకరు మాత్రల డోసు రెట్టింపు చేశారు. రెండు యూనిట్లు రక్తం ఎక్కించి ఆపరేషన్ చేసేయొచ్చు కదా, ఎందుకు ఆపడం? అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఉందంటే ఇది వంశంలో వచ్చేదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నడక
ఆపినందుకు కోపం తెచ్చుకోకండి. నాకు 9.4తోనే ఎడమ మోకాలు మార్చేశారు, ఎవరూ ఆపలేదు. మర్నాడు పొద్దున ఫిజియో వచ్చి వాకర్ ముందు పెట్టి లేవమన్నారు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని లేచాను. చెవుల్లో హోరు, కళ్ళు బైర్లు కమ్మాయి. "పెదాలు తెల్లబడిపోతున్నాయి, కూర్చోబెట్టండి" అని నర్సు అనడం మాత్రం వినబడింది. అప్పుడు చూస్తే 6.8. మోకాలు బ్రహ్మాండంగా అతికింది, నిలబడే ఓపికే లేదు. కాలు వంచడం నేర్చుకోవాల్సిన మొదటి వారమంతా పడుకునే గడిచిపోయింది.

ల్యాబ్ కిటికీ
ఫెర్రిటిన్ ఒక్కటీ చెప్తే ఎవరూ ఏమీ తేల్చలేరు. రిపోర్టులో ఎంసీవీ (ఎర్రకణం సైజు), ఎర్రకణాల సంఖ్య, సీరం ఐరన్ (రక్తంలో తిరిగే ఐరన్), టీఐబీసీ (రక్తం మొత్తం ఎంత ఐరన్ మోయగలదో), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (అందులో ఎంత శాతం నిండిందో), సీఆర్పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగేది) ఉన్నాయేమో చూడండి. హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ (హిమోగ్లోబిన్‌లో ఏ రకాలు ఎంతున్నాయో చూసే పరీక్ష) ఎప్పుడైనా చేయించారా?

సందేహాల పుట్ట
పెద్దకొడుకు అడిగిన ప్రశ్నే నాదీ. మా బాబాయికి రక్తం ఎక్కించే తుంటి మార్చారు, శుభ్రంగా నడుస్తున్నారు. అంత భయపడాల్సిందేముంది?

నిద్రపుచ్చే డాక్టర్
నేను మత్తు డాక్టర్నే. ఇలాంటి ఆపరేషన్లు ఆపించి తిట్లు తిన్నవాణ్ణి కూడా.

మోకాలైనా తుంటైనా మార్చాక హిమోగ్లోబిన్ సాధారణంగా 2 నుంచి 3 గ్రాములు తగ్గుతుంది. బల్ల మీద కనబడే రక్తం కొంతే, మిగతాది కండరాల్లోకి, కీలు చుట్టూ ఇంకుతుంది. 13తో వచ్చిన మనిషి 10కి దిగితే తట్టుకుంటారు. 8.9తో వచ్చినవాళ్ళు ఎక్కడికి దిగుతారో నడక గారు పైన చెప్పేశారు.

రక్తం ఎక్కించడం ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళకి వరం, దాన్ని నేను తక్కువ చేయను. అయితే ఒక యూనిట్‌తో పెరిగేది సుమారు 1 గ్రాము. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి ఒంట్లో ద్రవం ఎక్కువై ఊపిరి ఆడకపోవచ్చు, పరాయి రక్తకణాల మీద యాంటీబాడీలు తయారై తర్వాత ఎప్పుడైనా రక్తం కావాల్సివస్తే సరిపడేది దొరకడం కష్టం కావచ్చు. పైగా రక్తహీనతకి కారణం అలాగే ఉండిపోతుంది.

మోకాలి మార్పిడి అత్యవసరం కాదు. నొప్పి భరించలేనిదే, ఒప్పుకుంటాను. కానీ ఆరేడు వారాలు ఆగితే ప్రాణానికేం కాదు, ఆ ఆరేడు వారాల్లో చేయగలిగింది చాలా ఉంది. 2017లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఇచ్చిన సిఫారసు ప్రకారం, ఇలాంటి ఆపరేషన్‌కి ముందు ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా 13 ఉండేలా చూడాలి. ఆడవాళ్ళకి 12 చాలు అనే పాత లెక్క ఇక్కడ అన్యాయం. శరీరం చిన్నది కాబట్టి వాళ్ళలో ఉండే రక్తమే తక్కువ, ఆపరేషన్లో పోయేది మాత్రం దాదాపు అంతే.

పెద్దకొడుకు
ల్యాబ్ కిటికీ గారూ, రిపోర్టు దగ్గర పెట్టుకుని రాస్తున్నా. ఎంసీవీ 66. ఎర్రకణాలు 4.1 మిలియన్లు. సీరం ఐరన్ 18, టీఐబీసీ 300, శాచురేషన్ 6 శాతం. సీఆర్పీ 3. ఎలక్ట్రోఫోరెసిస్ నాలుగేళ్ళ కిందట చేశారు, హెచ్‌బీ ఏ2 2.3, "థలసీమియా లక్షణాలు లేవు" అని రాసుంది.

ల్యాబ్ కిటికీ
శాచురేషన్ 6 అని ఉన్న కాగితం చేతిలో పెట్టుకుని ఐరన్ లోపం లేదన్నారా! ఫెర్రిటిన్ గళ్ళో నార్మల్ అని అచ్చవడంతో పక్క గడి చూడకుండా వదిలేసి ఉంటారు. శాచురేషన్ 20 లోపు ఉంటేనే అనుమానించాలి, 6 అంటే ఎముక మజ్జకి ఐరన్ అందట్లేదనే అర్థం.

ఎంసీవీ 66 అంటే కణాలు బాగా చిన్నవి. బీటా థలసీమియా ట్రెయిట్‌లో (వంశపారంపర్యంగా వచ్చే హిమోగ్లోబిన్ లోపం, ఒక్క కాపీ మాత్రమే పాడైన రూపం) కూడా చిన్నవే ఉంటాయి గానీ అందులో కణాల సంఖ్య మామూలుగా ఎక్కువ ఉంటుంది, ఏ2 3.5 దాటుతుంది. ఇక్కడ రెండూ లేవు. ఐరన్ లోపం కూడా ఉంటే ఏ2 కాస్త తగ్గి కనబడొచ్చు, అది గుర్తుంచుకోవాలి.

గట్టిగింజ
జన్యువుల దాకా పరిగెత్తే ముందు ఒక మాట. అమ్మగారు మోకాళ్ళ నొప్పులకి ఏం మాత్రలు వాడుతున్నారు? ఎన్నాళ్ళుగా?

అరిగిన మోకాళ్ళున్న ప్రతి ఇంట్లో నొప్పి మాత్రల స్ట్రిప్పు ఒకటి ఉంటుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి ఏళ్ళ తరబడి వేసుకుంటే కడుపులో పుండ్లు పడి కంటికి కనబడకుండా రక్తం కారుతుంది. అరవై దాటినవాళ్ళలో ఐరన్ లోపం కనబడితే కడుపు, పెద్దపేగు ఎండోస్కోపీ చేసి చూడాలి. పెద్దపేగు క్యాన్సర్ కొందరిలో మొదట బయటపడేది ఈ రక్తహీనతతోనే. సీలియాక్ జబ్బు (గోధుమలు పడక పేగు పొర దెబ్బతినేది), హెలికోబ్యాక్టర్ (కడుపులో చేరే బాక్టీరియా), కడుపు లోపలి పొర పల్చబడే ఆటోఇమ్యూన్ గ్యాస్ట్రైటిస్, వీటివల్ల వచ్చే రక్తహీనత కూడా ఐరన్ మాత్రలకి లొంగకపోవచ్చు. మా పెద్దమ్మకి "ఎప్పుడూ ఉండేదేలే" అంటూ రెండేళ్ళు వదిలేశారు. తర్వాత చూస్తే పేగులో గడ్డ. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఎర్రకణం
గట్టిగింజ గారి మాట ముందు చేయాల్సిన పని, ఎవరూ దాటేయొద్దు. కానీ ఈ కేసులో ఇంకో వైపు కూడా చూడాలి. నేను రక్తవ్యాధుల పరిశోధనలో పనిచేస్తాను, కొంచెం పెద్దగానే రాస్తున్నా.

ఐరన్‌ని ఒంట్లో ఎంత తిరగనివ్వాలో నిర్ణయించేది హెప్సిడిన్ అనే హార్మోన్. కాలేయం తయారుచేస్తుంది, 25 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. పేగు కణాల్లోంచి, నిల్వ కణాల్లోంచి ఐరన్ రక్తంలోకి బయటపడే దారి ఒక్కటే, ఫెర్రోపోర్టిన్ అనే ప్రొటీన్. గిడ్డంగికి ఉన్న ఒకే తలుపు అది అనుకోండి. హెప్సిడిన్ వచ్చి దాన్ని అతుక్కుంటే తలుపు మూతపడటమే కాదు, ఊడి లోపలికి పోయి కరిగిపోతుంది. ఇది 2004లో తేలింది. ఇక లోపల ఎంత సరుకున్నా బయటికి రాదు. ఫెర్రిటిన్ చూపించేది లోపలి సరుకుని, శాచురేషన్ చూపించేది బయట తిరుగుతున్నదాన్ని. 74, 6 రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయంటే ఇలా.

మామూలుగా ఐరన్ తగ్గితే హెప్సిడిన్ కూడా తగ్గిపోవాలి. అలా తగ్గించే పని చేసేవాటిలో ముఖ్యమైనది మాట్రిప్టేజ్-2 అనే ఎంజైమ్. దాన్ని తయారుచేసే జన్యువు టీఎంపీఆర్ఎస్ఎస్6, 22వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఈ జన్యువు రెండు కాపీలూ పాడైతే ఐరన్ ఎంత తక్కువున్నా హెప్సిడిన్ ఎక్కువగానే ఉండిపోతుంది. మాత్ర మింగినా పేగు దాటదు. దీన్నే ఐరిడా అంటారు, ఐరన్‌కి లొంగని ఐరన్ లోపపు రక్తహీనత.

1981లో బ్యూకానన్, షీహన్ అనే డాక్టర్లు ముగ్గురు తోబుట్టువుల్ని వర్ణించారు. నోటి మాత్రలకి అసలు పెరగలేదు, ఇంజెక్షన్‌కి కొంత పెరిగింది. కారణం దొరకడానికి 2008 దాకా పట్టింది. ఆ ఏడాదే ఎలుకల్లోనూ మనుషుల్లోనూ ఈ జన్యువు బయటపడింది. ఆ ఎలుకలకి ఒంటి మీద వెంట్రుకలు రాలిపోయి ముఖం మీద మాత్రం మిగిలాయి, అందుకని మాస్క్ ఎలుకలు అని పేరు పెట్టారు.

అమ్మగారికి చిన్నప్పట్నుంచీ ఉండటం, నెలసరి ఆగినా మారకపోవడం, నెలసరితో సంబంధమే లేని తమ్ముడికి కూడా ఉండటం, ఎంసీవీ అంత చిన్నగా ఉండటం, సీఆర్పీ నార్మల్‌గా ఉన్నా శాచురేషన్ 6 ఉండటం. ఇవన్నీ కలిపి చూస్తే ఐరిడా గురించి అడిగి తీరాలి.

సందేహాల పుట్ట
ఎర్రకణం గారూ, పేరుకి తగ్గ పోస్టు! కానీ అన్నేళ్ళు మింగిన మాత్రలన్నీ వృథాయేనా? ఆవిడ మింగట్లేదనే కదా డాక్టర్లు అనుకుని ఉంటారు.

కొత్త చిగురు
ఆ మాట నేను కూడా పడ్డాను. మా పాపకి ఐరిడా. మూడో ఏట నుంచి సిరప్ పోశాను, పళ్ళు నల్లబడ్డాయి, మలబద్ధకంతో ఏడ్చేది, హిమోగ్లోబిన్ 7 దాటలేదు. "మీరు సరిగ్గా పోయట్లేదమ్మా" అని నా మొహం మీదే అన్నారు. సీసా మీద కొలత గీతలు చూపించి లెక్క చెప్పాల్సొచ్చింది. చివరికి ఒక డాక్టరమ్మ పొద్దున్నే పరగడుపున రక్తం తీయించి, తన ముందే సిరప్ తాగించి, రెండు గంటలకి మళ్ళీ సీరం ఐరన్ చూశారు. అంగుళం కదల్లేదు. ఆ రోజే నన్ను నమ్మారు. తర్వాత జన్యు పరీక్షకి పంపితే రెండు కాపీల్లోనూ మార్పు ఉందని తేలింది. ఒకటి మా ఆయన నుంచి, ఒకటి నా నుంచి. మా ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

పెద్దకొడుకు గారూ, అమ్మగారిని మింగట్లేదని ఎవరైనా నిందించి ఉంటే అది తప్పని ఆవిడకి గట్టిగా చెప్పండి.

పెద్దకొడుకు
మా నాన్నే అనేవారు. దాచేస్తున్నావు, పారేస్తున్నావు అని. ఇది చదివి వినిపించాను. అమ్మ ఏమీ అనలేదు, మళ్ళీ ఒకసారి చదవమంది.

గట్టిగింజ గారికి: నొప్పి మాత్రలు వాడుతోంది, అవును. ఎండోస్కోపీకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

తుంటి మార్చినోడు
> 2017లో నిపుణులు... 13 ఉండేలా చూడాలి

దీనివల్ల నిజంగా ఫలితం మెరుగైందా? లేకపోతే అంకె కోసం అంకెనా? నన్ను 12.1 ఉందని రెండు నెలలు తిప్పారు. నొప్పితో ఒక్కో రాత్రి ఎలా గడిచిందో నాకు తెలుసు.

నిద్రపుచ్చే డాక్టర్
న్యాయమైన ప్రశ్న. రక్తహీనతతో వెళ్ళినవాళ్ళకి ఎక్కువ కష్టాలొస్తాయన్నది చాలాసార్లు కనబడింది. 2012లో 15 వేలకి పైగా తుంటి, మోకాలి మార్పిడి రోగుల మీద వచ్చిన అధ్యయనంలో, ముందే రక్తహీనత ఉన్నవాళ్ళలో 4.3 శాతానికి కృత్రిమ కీలుకి ఇన్ఫెక్షన్ వచ్చింది, లేనివాళ్ళలో 2 శాతానికి. కీలుకి ఇన్ఫెక్షన్ అంటే మళ్ళీ కోసి, పెట్టింది తీసేసి, నెలల తరబడి యాంటీబయాటిక్స్. అయితే రక్తహీనతే ఇన్ఫెక్షన్‌కి కారణమని ఇది రుజువు చేయదు. షుగరు, కిడ్నీ జబ్బులున్నవాళ్ళే రక్తహీనతతో కూడా ఉంటారు కదా.

12.1 మగవాళ్ళకి రెండు నెలలు ఆపాల్సినంతా? మిమ్మల్ని చూడకుండా చెప్పలేను. ఆ రెండు నెలల్లో కారణం వెతికి మందు ఇచ్చి ఉంటే సరే. ఊరికే మాత్రలు రాసి పంపి ఉంటే మాత్రం మీ బాధ నాకర్థమవుతుంది.

గట్టిగింజ
రుజువుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఆపరేషన్ ముందు ఐరన్ నరంలోకి ఎక్కిస్తే రక్తం ఎక్కించే అవసరం తగ్గుతుందని అందరూ ఊదరగొడతారు. 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ప్రివెంట్ ట్రయల్ చూడండి. 487 మంది, సగం మందికి 1000 మిల్లీగ్రాముల ఐరన్, సగం మందికి ఉత్త సెలైన్. రక్తం ఎక్కించాల్సి రావడంలో గానీ మరణాల్లో గానీ తేడా లేదు.

ఎర్రకణం
ఆ ట్రయల్ నాకు బాగా తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ అది కడుపు కోసి చేసే పెద్ద ఆపరేషన్ల మీద జరిగింది, కీళ్ళ మీద కాదు. రక్తహీనత ఉంటే చాలు, చేర్చుకున్నారు. ఐరన్ లోపం ఉందని తేల్చుకుని చేర్చుకోలేదు. ఐరన్ లోపం లేనివాళ్ళకి ఐరన్ ఇస్తే లాభమెందుకు కనబడుతుంది? చాలామందికి ఆపరేషన్‌కి రెండు మూడు వారాల ముందే ఇచ్చారు, కొత్త కణాలు నిండుగా తయారవ్వడానికి అది చాలదు. అదే ట్రయల్లో ఆపరేషన్ తర్వాత 8 వారాలకి, 6 నెలలకి ఐరన్ తీసుకున్నవాళ్ళ హిమోగ్లోబిన్ మెరుగ్గా ఉంది. తిరిగి ఆస్పత్రిలో చేరడం కూడా తగ్గింది.

నాకర్థమైంది ఒకటే. రక్తహీనత అనగానే అందరికీ ఒకే సీసా తగిలించడం పనిచేయలేదు. ఎందుకు వచ్చిందో తెలుసుకుని ఇవ్వాలి.

గట్టిగింజ
ఆ ఆఖరి వాక్యంతో నాకు పేచీ లేదు. ఆపరేషన్ ముందు నరంలోకి ఇచ్చే ఐరన్ రక్తం ఎక్కించాల్సిన అవసరాన్ని తగ్గిస్తుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తేనే పేచీ.

నడక
మాత్రలతోనే పెంచుకోవాలంటే రోజూ రెండు పూటలా వేసుకోవాలా? నాకు కుడి మోకాలు ఇంకా ఉంది. నాది మామూలు ఐరన్ లోపమే, ఫెర్రిటిన్ 11.

ల్యాబ్ కిటికీ
రెండు పూటలా వేస్తే ఎక్కువ ఎక్కుతుందనుకుంటాం గానీ అలా జరగట్లేదు. ఒక మాత్ర మింగగానే హెప్సిడిన్ పెరిగి దాదాపు ఒక రోజంతా అలాగే ఉంటుంది, దాంతో తర్వాతి మాత్ర సరిగ్గా ఎక్కదు. 2017లో ఐరన్ తక్కువున్న ఆడవాళ్ళ మీద పరీక్షిస్తే, రోజూ వేసుకున్నవాళ్ళలో 16.3 శాతం, రోజు విడిచి రోజు వేసుకున్నవాళ్ళలో 21.8 శాతం ఐరన్ ఒంటికి పట్టింది. మీ డాక్టర్ని అడిగి ఒక పూటే, రోజు మార్చి రోజు వేసుకోండి. టీ, కాఫీలకి దూరంగా. ఆపరేషన్‌కి రెండు నెలలు టైముంటే మీకు మాత్రలే చాలొచ్చు.

నడక
రెండు పూటలా వేసుకుని కడుపులో మంటతో చచ్చాను ఇన్నాళ్ళూ. థాంక్స్ అండీ.

ఎర్రకణం
ఒక్క విషయం. ఇది మామూలు ఐరన్ లోపానికే. ఐరిడాలో మాత్రల మధ్య ఎంత ఎడం ఇచ్చినా హెప్సిడిన్ దిగదు.

ఇంకోటి, ఆపరేషన్ అయ్యాక డిశ్చార్జి కాగితంలో ఐరన్ మాత్రలు రాస్తుంటారు. కోత వల్ల ఒంట్లో వాపు ప్రక్రియ మొదలవుతుంది, ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు సంకేతం పెరుగుతుంది, దాంతో ఎవరికైనా హెప్సిడిన్ పెరుగుతుంది. అంటే మొదటి కొన్ని వారాలు మామూలు మనుషులు కూడా ఐరిడా ఉన్నవాళ్ళ పరిస్థితిలోనే ఉంటారు. ఆ టైములో మాత్రలు పెద్దగా పనిచేయవు. చేయాల్సిందంతా ముందే చేయాలనేది అందుకే. లీటరు రక్తం పోతే, హిమోగ్లోబిన్ 11 ఉన్న మనిషికి సుమారు 370 మిల్లీగ్రాముల ఐరన్ పోయినట్టు. మామూలుగా పేగు రోజుకి పీల్చుకునేది 1, 2 మిల్లీగ్రాములు.

వేలి కణుపు
అందరూ ఐరన్ పెంచడం గురించే మాట్లాడుతున్నారు. నాది తిరగబడిన కథ. నాకు ఐరన్ ఎక్కువయ్యే జబ్బు, హీమోక్రోమటోసిస్. చూపుడు వేలు, మధ్య వేలు కణుపులు బిగుసుకుపోయి పిడికిలి పట్టేది కాదు. కీళ్ళవాతమన్నారు, వయసన్నారు. యాభై దాటకుండానే తుంటి మార్చాల్సొచ్చింది. ఆ తర్వాత ఎవరో ఫెర్రిటిన్ చూస్తే 1800, శాచురేషన్ 88. నీరసంగా ఉందని ఆ ముందు ఏడాదంతా నేను ఐరన్ టానిక్ తాగాను! కీళ్ళ నొప్పులున్నవాళ్ళు పరీక్ష లేకుండా ఐరన్ జోలికి పోవద్దు.

ఎర్రకణం
ఇది రాసినందుకు చాలా సంతోషం. వేలి కణుపు గారిది ఐరిడాకి సరిగ్గా ఎదురు జబ్బు. హెచ్ఎఫ్ఈ జన్యువు పాడై హెప్సిడిన్ మరీ తక్కువైపోతుంది, ఐరన్ అదుపు లేకుండా లోపలికొచ్చి కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది, కీళ్ళూ దెబ్బతింటాయి. ఆ జన్యువు 1996లో దొరికింది. ఇప్పుడు ఇలాంటి జబ్బులకి టీఎంపీఆర్ఎస్ఎస్6నే కావాలని అణిచేసి హెప్సిడిన్ పెంచే మందుల మీద పరిశోధన జరుగుతోంది. ఐరిడా ఉన్న కొద్దిమంది కుటుంబాలు రక్తమిచ్చి సహకరించబట్టే ఈ దారి దొరికింది. కొత్త చిగురు గారి పాపలాంటివాళ్ళకి ఆ లోకం రుణపడి ఉంది.

కొత్త చిగురు
ఈ మాట పాపకి చెప్తాను. పెద్దయ్యాక ఇంకా బాగా అర్థమవుతుంది.

సందేహాల పుట్ట
ఆపరేషన్ ముందు మన రక్తం మనమే తీయించి దాచుకుంటే? పరాయి రక్తం గొడవే ఉండదు.

నిద్రపుచ్చే డాక్టర్
ఒకప్పుడు బాగానే చేసేవాళ్ళు. అసలే రక్తం తక్కువున్న మనిషి దగ్గర ఆపరేషన్‌కి ముందే ఇంకాస్త తీసేయడం అవుతుంది, అందుకే ఈమధ్య దాదాపు వదిలేశారు. దానికంటే రక్తం పోకుండా చూసుకోవడం మేలు. ట్రానెక్సమిక్ యాసిడ్ అని ఒక మందుంది, గడ్డకట్టిన రక్తం తొందరగా కరగకుండా ఆపుతుంది. జపాన్‌లో ఉతాకో ఒకామోతో, ఆవిడ భర్త షోసుకే కలిసి కనిపెట్టారు, 1962లో ప్రచురించారు. ప్రసవం తర్వాత రక్తస్రావంతో చనిపోయే తల్లుల్ని కాపాడాలన్నది ఆవిడ తపన. అదే మందు ఇవాళ మోకాలు, తుంటి మార్పిడుల్లో రక్తం ఎక్కించే అవసరాన్ని బాగా తగ్గించింది. మీ సర్జన్‌ని పేరు చెప్పి అడగండి. కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, ఫిట్స్ చరిత్ర ఉంటే ముందే చెప్పండి.

ఆపరేషన్ అయ్యాక కూడా అంకె చూసి కంగారుగా రక్తం ఎక్కించనక్కర్లేదు. 2011లో వచ్చిన ఫోకస్ ట్రయల్లో తుంటి విరిగి, గుండెజబ్బు ఉన్న లేదా వచ్చే అవకాశమున్న 2,016 మందిని చూశారు. కొందరికి 10 కంటే తగ్గగానే ఎక్కించారు, కొందరికి 8 కంటే తగ్గాకో, లక్షణాలు కనబడితేనో ఎక్కించారు. 60 రోజుల తర్వాత సాయం లేకుండా గది దాటి నడవగలగడంలో గానీ మరణాల్లో గానీ తేడా లేదు.

పెద్దకొడుకు
ఎండోస్కోపీ రెండూ అయ్యాయి. కడుపులో కొంచెం ఎర్రదనం తప్ప పుండు లేదు, పెద్దపేగు శుభ్రంగా ఉంది. సీలియాక్ పరీక్ష నెగటివ్, హెలికోబ్యాక్టర్ నెగటివ్. నొప్పి మాత్రలు మార్చారు. హిమటాలజిస్టు (రక్తవ్యాధుల డాక్టర్) దగ్గరికి వెళ్ళాం, ఆయన ఐరిడా అన్న మాట నాకంటే ముందే అన్నారు. అమ్మకీ మావయ్యకీ జన్యు పరీక్షకి రక్తం తీశారు. ఫలితం వచ్చేదాకా కూర్చోకుండా ఐరన్ నరంలోకి ఎక్కిద్దామన్నారు. భయపడాలా?

తుంటి మార్చినోడు
నాకు ఎక్కించారు. ముదురు గోధుమరంగులో ఉంటుంది, సీసా చూసి జడుసుకోవద్దు. సూది చోట మంటగా గానీ ఉబ్బినట్టు గానీ ఉంటే వెంటనే ఆపమని చెప్పండి. బయటికి కారితే చర్మం మీద మచ్చ పడుతుంది, చాలాకాలం పోదు. నా మోచేతి మడత దగ్గర ఇప్పటికీ ఉంది.

నిద్రపుచ్చే డాక్టర్
ఎక్కించేటప్పుడు, అయ్యాక అరగంట సేపు పక్కనే చూస్తూ ఉంటారు. తీవ్రమైన ఎలర్జీ అరుదు. మోతాదు బరువుని బట్టి లెక్కేస్తారు. 60 కిలోల మనిషిని 8.9 నుంచి 13కి తేవాలంటే, నిల్వతో కలిపి దాదాపు 1,100 మిల్లీగ్రాములు అవుతుంది.

కీళ్ళవాళ్ళు మర్చిపోకూడని విషయం ఒకటుంది. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోస్ అనే రకం ఇచ్చాక చాలామందికి రక్తంలో ఫాస్ఫేట్ పడిపోతుంది. 2020లో వచ్చిన రెండు ట్రయల్స్‌లో దాదాపు ముప్పావు వంతు మందికి అలా అయింది, ఫెర్రిక్ డెరిసోమాల్టోస్ అనే ఇంకో రకం తీసుకున్నవాళ్ళలో 8 శాతం మందికే. ఒకసారికి మామూలుగా సర్దుకుంటుంది. పదేపదే ఇస్తే మాత్రం ఎముకలు మెత్తబడి పగుళ్ళు రావచ్చు. ఎముకలో కొత్త కీలు బిగించబోయే మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఏ రకం ఎక్కిస్తున్నారో అడగండి, ఫాస్ఫేట్ చూడమనండి.

కొత్త చిగురు
ఐరిడా అయితే ఇంకొకటి. 13 వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. మా పాపకి ఎక్కించాక 7 నుంచి 9.8కి వచ్చింది, అక్కడే ఆగింది. ఫెర్రిటిన్ మాత్రం 300 దాటింది. నిల్వ కణాల్లో చేరిన ఐరన్‌కి కూడా అదే అడ్డు కదా. ఇంకా ఎక్కించమని నేను పట్టుబట్టాను, మా డాక్టరమ్మ ఒప్పుకోలేదు. పేరుకుపోతే కాలేయానికి చేటు అన్నారు. 9.8తోనే పిల్ల ఆడుకుంటోంది, బడికెళ్తోంది. అమ్మగారి శరీరం కూడా చిన్నప్పట్నుంచీ తక్కువకి అలవాటుపడి ఉంటుంది.

నిద్రపుచ్చే డాక్టర్
చాలా ముఖ్యమైన మాట చెప్పారు. అలాంటప్పుడు 13 అందలేదని ఏళ్ళ తరబడి మోకాలు ఆపడం కూడా తప్పే. 10, 10.5 వచ్చి ఇక కదలకపోతే సర్జన్, హిమటాలజిస్టు, మత్తు డాక్టర్ ముగ్గురూ కలిసి కూర్చుని, ట్రానెక్సమిక్ యాసిడ్, జాగ్రత్తగా కోత, సరిపోల్చిన రక్తం సిద్ధంగా పెట్టుకుని ముందుకెళ్ళొచ్చు. రెండు మోకాళ్ళూ ఒకేసారి మాత్రం వద్దు.

పెద్దకొడుకు
ఇది మా హిమటాలజిస్టుకి చూపిస్తాను. ఇంకొక్క ప్రశ్న, నాకోసం. అమ్మకి రెండు కాపీలూ పాడయ్యాయని తేలితే నాకూ నా పిల్లలకీ ఏమిటి?

ఎర్రకణం
మీకు అమ్మ నుంచి ఒక పాడైన కాపీ తప్పకుండా వచ్చి ఉంటుంది. నాన్నగారి కాపీ బాగుంటే మీకు జబ్బు రాదు. ఒక్క కాపీతో కొందరిలో తేలికపాటి రూపం కనిపించింది కాబట్టి ఒకసారి రక్తం చూపించుకోండి. మీ పిల్లలకి జబ్బు రావాలంటే మీ ఆవిడ వైపు నుంచి కూడా పాడైన కాపీ రావాలి, దగ్గరి రక్తసంబంధం లేకపోతే ఆ అవకాశం చాలా తక్కువ. అమ్మగారి తోబుట్టువులకి మాత్రం ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం. మావయ్య కాక ఇంకెవరైనా ఉన్నారా?

పెద్దకొడుకు
చిన్న పిన్ని ఉంది. ఎప్పుడూ నీరసం అంటుంది, ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. అడిగాను, రేపే ఇస్తానంది.

ల్యాబ్ కిటికీ
పొద్దున్నే పరగడుపున ఇమ్మనండి. ఐరన్ మాత్రలు, ఐరన్ ఉన్న విటమిన్ మాత్రలు ముందు రోజు వేసుకోవద్దు, సీరం ఐరన్ తప్పుగా పెరిగి కనబడుతుంది. జ్వరం, జలుబు ఉంటే తగ్గాక ఇవ్వమనండి, ఫెర్రిటిన్ అబద్ధం చెప్తుంది. అమ్మగారికి ఐరన్ ఎక్కించాక కూడా కనీసం నాలుగు వారాలు ఆగాకే ఫెర్రిటిన్ చూడాలి. ఈలోగా హిమోగ్లోబిన్ చూస్తే చాలు. పిన్నిగారి రిపోర్టు వచ్చాక శాచురేషన్ అంకె ఇక్కడ పెట్టండి, సీరం ఐరన్, టీఐబీసీ రెండూ ఉంటే నేను లెక్కేసి చెప్తాను.